ఆ మందు కంపెనీ షేరు కొనే ముందు నేను చదివిన కాగితాలు

బరువు తగ్గించే ఇంజెక్షన్లు తయారుచేసే అమెరికా కంపెనీ ఎలై లిల్లీ షేర్లు కొనాలా వద్దా అన్న చర్చ మా మధ్య నెలల తరబడి నలిగింది. రిటైరైన మేం కొందరం ఇందిరా పార్కులో నడక అయ్యాక కాసేపు కూర్చుంటాం. అందులో ఒకాయన మందుల కంపెనీలో నాణ్యత విభాగం చూసినవారు. ‘అసలు ఈ మందు సురక్షితమేనా?’ అన్నది ఆయన ప్రశ్న. బీమా రంగంలో పనిచేసిన మరో మిత్రుడు, ‘సురక్షితమనే అనుకుందాం, డబ్బు ఎవరు కడతారు?’ అనేవారు. నాకు రెండూ కావలసిన ప్రశ్నలే. మలక్‌పేటలో ఉండే మా అక్కయ్య షుగర్‌కు ఆ కంపెనీ మందు మౌంజారోనే వాడుతోంది.

ముందు మౌంజారోకు అమెరికాలో ఇచ్చే లేబుల్, అంటే మందు వివరాల పత్రం, ప్రింటు తీసుకున్నాను. మొదటి పేజీలోనే నల్ల గీతల చట్రంలో హెచ్చరిక ఉంది: ఎలుకల్లో థైరాయిడ్ కణితులు వచ్చాయి, మనుషుల్లో వస్తాయో రావో తేలలేదు, మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారూ, కుటుంబంలో ఆ చరిత్ర ఉన్నవారూ వాడకూడదు. వెంటనే అక్కయ్యకు ఫోను చేశాను.

‘మనవాళ్లలో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అక్కయ్యా?’

‘పెద్దత్తయ్యకు గొంతు దగ్గర వాపు ఉండేది కదరా. అది క్యాన్సర్ కాదన్నారు. అయినా డాక్టరు గారిని అడుగుతాను.’

అడిగింది. ఆయన వివరాలన్నీ విని, మందు కొనసాగించమన్నారు. అప్పటిదాకా నా ప్రాణం కుదుటపడలేదు.

ఇదే కోవకు చెందిన మరో మందు సెమాగ్లుటైడ్ గురించి 2025 జూన్‌లో యూరప్ ఔషధ సంస్థ ఒక మాట చెప్పింది. కంటి నరానికి రక్తం అందక చూపు దెబ్బతినే సమస్య చాలా అరుదుగా, 10,000 మందిలో ఒకరి వరకు, రావచ్చని. నన్ను అంతకన్నా ఆలోచనలో పడేసింది మరో పరిశోధన. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. అంటే ఏళ్ల తరబడి వాడాల్సిన మందు. బీమా కంపెనీకి అది ఏళ్ల తరబడి కట్టాల్సిన బిల్లు. మిత్రులిద్దరి ప్రశ్నలూ ఇక్కడే కలుస్తాయని నాకు అప్పుడు అర్థమైంది.

అమెరికాలో 2003 నాటి చట్టం ప్రకారం వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్, కేవలం బరువు తగ్గించే మందులకు అప్పట్లో డబ్బు ఇచ్చేది కాదు. అయితే 17,604 మందిపై జరిగిన పరీక్షలో సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పును 20 శాతం తగ్గించింది. దాని ఆధారంగా 2024 మార్చిలో గుండె రక్షణకు అనుమతి రాగానే, ఆ కారణంతో వాడేవారికి మెడికేర్ తలుపు తెరుచుకుంది. అదే ఏడాది డిసెంబరులో మౌంజారోలోని టిర్జెపటైడ్‌కు నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు అనుమతి వచ్చింది. 2025 మే 1న మాత్రం బీమా కింద ఏ మందులకు డబ్బు వస్తుందో చెప్పే జాబితాలు తయారుచేసే సీవీఎస్ సంస్థ, తన ప్రామాణిక జాబితాల్లో సెమాగ్లుటైడ్ ఉన్న ప్రత్యర్థి మందు వెగోవీకి ప్రాధాన్యం ఇస్తామంది. ఎలై లిల్లీ షేరు ఒక్క రోజులో పది శాతానికి పైగా పడింది. మందు గుణం ఏమీ మారలేదు, జాబితా మారిందంతే.

తర్వాత అక్కయ్య పాలసీ పుస్తకం తెరిచాను. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు చేరితేనే ఖర్చు ఇస్తారు. స్థూలకాయ చికిత్సకు మినహాయింపులు వేరే పేజీలో ఉన్నాయి. ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్‌కు పైసా రాదు. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల సీసా ధర 4,375 రూపాయలు. వారానికొకటి చొప్పున నెలకు 17,500. అక్కయ్య పింఛనులో అది ఎంత భాగమో తెలిసినవాణ్ని కాబట్టి, మన దగ్గర ఈ మందు భవిష్యత్తు ధర చేతిలోనే ఉందని నమ్ముతున్నాను. పైగా 2026 మార్చిలో ఇక్కడ సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు తీరుతుందని, మన నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు చౌక రకాలకు సిద్ధమవుతున్నాయని అప్పటికే తెలుసు.

చివరికి బ్యాంకులో, విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఏ2 ఫారం నింపి డబ్బు పంపాను. అనుకున్న మొత్తంలో మూడో వంతుకే షేర్లు కొన్నాను. మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంచాను. బీమా మిత్రుడు కూడా కొన్నారు. నాణ్యత విభాగం మిత్రుడు కొనలేదు. టిర్జెపటైడ్‌కు అమెరికాలో తొలి అనుమతి వచ్చింది 2022లోనే, ఇరవై ఏళ్లు వాడినవాళ్లు ఇంకా లేరు అంటారాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.