సైకిల్‌కు చోటు లేని ఓరుగల్లు

చాలా ఏళ్ల తరువాత ఈ ఉదయం కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ వరకు సైకిల్‌పై వెళ్లాను. రైల్వే వంతెన ఎక్కుతుండగా వెనుక లారీ హారన్ మోగితే పక్కకు జరగడానికి జానెడు చోటు దొరకలేదు. సుబేదారి, అదాలత్ మీదుగా హన్మకొండ చౌరస్తా చేరేవరకు రోడ్డు అంచున నిలిపిన బైకులు, తోపుడు బండ్లు, తవ్వి సరిగా పూడ్చని గుంతలే ఎదురయ్యాయి. తోపుడు బండ్ల వారిని నేను తప్పుపట్టను, వారికి వేరే చోటు చూపకపోవడమే తప్పు.

2016లో స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైన ఈ నగరంలో 2021లో 66 డివిజన్లకు ఎన్నికలు జరిగినప్పుడు, మా గల్లీకి వచ్చిన అభ్యర్థులెవరూ నడిచేవారి గురించి గాని, సైకిల్ తొక్కేవారి గురించి గాని మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, ఇళ్లలో పనికి వెళ్లే మా పక్కింటి అక్క తనకు ఆటో ఖర్చు మిగులుతోందని చెబితే ఎంతో సంతోషించాను. కానీ ఆమె బస్సు కోసం నిలబడే చోట నీడే లేదు. ఈసారి ఓటడగడానికి వచ్చేవారిని బస్టాపులో నీడ, మరిన్ని బస్సులు, ఈ రహదారి పొడవునా సైకిళ్లకు ప్రత్యేక దారి కావాలని రాతపూర్వకంగా అడుగుతాను.