యాక్సెస్ ఫామ్‌లో ఆడియో, వీడియో ప్లే చేయబోయి నేను పడ్డ తిప్పలు

నా దగ్గర ఆడియో రికార్డింగులు, చిన్న చిన్న వీడియోలు బోలెడు పోగయ్యాయి, ఏది ఎప్పటిదో ఎవరిదో రాసుకోడానికి మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక డేటాబేస్ చేసుకున్నా. వివరాలు చూస్తూ అక్కడే నొక్కితే మోగాలి, మళ్ళీ ఫోల్డర్లన్నీ తిరగేసి వెతుక్కోకూడదు, అంతే నా కోరిక.

మొదట చేసిన తెలివితక్కువ పని ఏంటంటే టేబుల్‌లో ఓఎల్ఈ ఆబ్జెక్ట్ ఫీల్డ్ (ఫైల్‌నే డేటాబేస్ లోపల దాచుకునే గడి) పెట్టి ఫైళ్ళన్నీ అందులోకే కుక్కేశా. యాక్సెస్ ఫైల్ 2 జీబీ దాటకూడదు, వీడియోలు పడేకొద్దీ అది ఉబ్బిపోయి తెరుచుకోడానికే ఆపసోపాలు పడేది, పోనీ అని కొన్ని డిలీట్ చేస్తే ఖాళీ అయిన చోటుని వదిలించే కాంపాక్ట్ అండ్ రిపేర్ కొట్టేదాకా సైజు తగ్గలేదు. (2007 వెర్షన్ నుంచి అటాచ్‌మెంట్ ఫీల్డ్ ఉందిగా అంటారేమో, అదీ ఆ 2 జీబీలోంచే తింటుంది.)

ఇక లాభం లేదని ఫైళ్ళు బయట ఫోల్డర్‌లోనే ఉంచి, వాటి పాత్ (ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా) మాత్రం టెక్స్ట్ ఫీల్డ్‌లో పెట్టా. ఒక్కో రికార్డు వివరాలు చూపించే ఫామ్ మీద విండోస్ మీడియా ప్లేయర్ యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్ (ఫామ్‌లోనే ఇమిడిపోయే ప్లేయర్) ఒకటి తెచ్చి పెట్టి, రికార్డు మారినప్పుడల్లా నడిచే ఆన్ కరెంట్ ఈవెంట్‌లో దాని యూఆర్ఎల్ ప్రాపర్టీకి ఆ పాత్ ఇచ్చా. ఒక్క లైన్ కోడ్! పని చేసింది, కాకపోతే పదో రికార్డుకి వెళ్దామని నెక్స్ట్ బటన్ టకటకా నొక్కుతుంటే ప్రతిదీ అరముక్క అరిచి ఆగిపోతోంది, ఇంట్లో వాళ్ళు ఏంటా గోల అన్నారు. సెట్టింగ్స్‌లో ఆటోస్టార్ట్‌ని ఫాల్స్ చేశాక ప్రాణం కుదుటపడింది.

అదంతా వేరే కంప్యూటర్‌కి మార్చాక ఒక్కటీ మోగలేదు, ఎందుకంటే పాత్‌లన్నీ డీ డ్రైవ్‌తో మొదలవుతున్నాయి, ఇక్కడ డీ డ్రైవే లేదు. అప్పట్నుంచి టేబుల్‌లో ఉత్త ఫైల్ పేరే పెట్టి, ముందు భాగం డేటాబేస్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే కరెంట్‌ప్రాజెక్ట్ డాట్ పాత్ నుంచి తెచ్చి అతికిస్తున్నా. ఫైల్ పేరు ఖాళీగా ఉన్న కొత్త రికార్డు దగ్గర ఎర్రర్ 94 వచ్చేది, దాన్ని ఖాళీ బదులు వేరే విలువ ఇచ్చే ఎన్‌జెడ్ ఫంక్షన్ చూసుకుంది.

అన్నిటికంటే ఎక్కువ టైం తిన్నది మాత్రం ఫైల్ ఉందో లేదో చూసే డిర్ ఫంక్షన్. పేరు ఇంగ్లీషులో ఉంటే ఉందంటుంది, తెలుగులో ఉంటే ఫైల్ కళ్ళెదుటే ఉన్నా లేదంటుంది. యాక్సెస్‌లో కోడ్ రాసే భాష విబిఎలో డిర్ తెలుగు లాంటి యూనికోడ్ పేర్లని పట్టించుకోదని తెలిసేసరికి ఒక పూట పోయింది. దాన్ని తీసేసి ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌లో ఫైల్‌ఎగ్జిస్ట్స్ వాడితే తెలుగు పేర్లన్నీ వరసగా దొరికాయి.