ఆ మాత్ర మొదలుపెట్టిన ఏడో నెల

"ఈ మధ్య ఈమెకు కొత్త అలవాటు ఏదైనా మొదలైందా? పేకాట, అదేపనిగా కొనడం, అతిగా తినడం, అలాంటివి?"

న్యూరాలజిస్ట్ గారు ఈ ప్రశ్న నన్ను కాదు, మా ఆయన్ని అడిగారు. ఆయన లేదన్నారు. పాపం, నిజంగానే ఆయనకు తెలియదు. నేను తలొంచుకుని కూర్చున్నాను. అప్పటికే మా అమ్మాయి చదువుకని దాచిన డబ్బులో సగానికి పైగా ఫోన్‌లో పేకాటకి పోయింది.

నాకు పార్కిన్సన్స్ జబ్బు 51వ ఏట బయటపడింది. ఎక్కౌంట్స్ ఉద్యోగం నాది, రోజంతా రాత పనే. మొదట నా అక్షరాలు చిన్నవైపోతూ వచ్చాయి. లైను మొదట్లో మామూలుగా ఉన్న అక్షరం చివరికొచ్చేసరికి చీమంత అయ్యేది. తర్వాత కుడిచేతి వణుకు. ప్రమిపెక్సోల్ అనే మాత్ర ఇచ్చి మోతాదు మెల్లగా పెంచారు. అది బాగా పనిచేసింది. మళ్లీ సొంతంగా గుండీలు పెట్టుకున్న రోజు ఏడ్చేశాను. ఆ మాత్ర మీద నాకు ఎంత నమ్మకం కుదిరిందంటే, తర్వాత జరిగినదానికి దాన్ని అనుమానించాలని తోచనే లేదు.

అంతకుముందు పేకముక్క ముట్టుకున్నదాన్ని కాదు. ఏడో నెలలో, నిద్రపట్టని ఒక రాత్రి ఫోన్‌లో ఊరికే ఒక ఆట ఆడాను. రెండు వారాలకు డబ్బు పెట్టి ఆడటం మొదలైంది. ఇంకో నెలకు రాత్రి రెండింటి నుంచి తెల్లవారేదాకా అదే పని. నన్ను పట్టి ఉంచింది గెలిచిన సంతోషం కాదు. ముక్కలు పంచాక, అవి ఏమిటో కనపడేలోపు ఉండే ఆ ఒక్క క్షణం. దానికోసం ఒళ్లంతా తహతహలాడేది. ఓడిపోతే బాధ కలగాలి కదా? తెలిసేది, కానీ తగిలేది కాదు. జీవితమంతా రూపాయి తేడా వస్తే పట్టుకున్నదాన్ని, కళ్లముందు డిపాజిట్ కరిగిపోతుంటే ఇంకో ఆట మొదలుపెట్టేదాన్ని. చివరికి అప్పిచ్చే యాప్‌ల దాకా వెళ్లాను.

ఆస్పత్రి నుంచి వచ్చిన ఆ రాత్రి, "ఏమండీ, పొద్దున డాక్టర్ గారు అడిగారే, దానికి జవాబు నేను చెప్పాల్సింది" అన్నాను. అంతా చెప్పేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత, "అమ్మాయికి నేను చెప్తాలే" అన్నారు. వద్దు, నేనే చెప్తానన్నాను. చెప్పాను. ఆ సంభాషణ గురించి ఇక్కడ రాయలేను.

మర్నాడు మళ్లీ వెళ్లాం. డాక్టర్ గారు చీటీ వెనక మెదడు బొమ్మ గీసి చెప్పారు. పార్కిన్సన్స్‌లో డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. కానీ అన్ని చోట్లా ఒకేలా కాదు. కదలికలను నడిపే భాగం ముందుగా ఎండిపోతుంది. కోరికను, ఆశను నడిపే భాగంలో డోపమిన్ చాలాకాలం బాగానే ఉంటుంది. ఎండిన మడికని నీళ్లు వదిలితే, అప్పటికే తడిగా ఉన్న పక్క మడి మునిగిపోయినట్టు, డోపమిన్‌లా పనిచేసే ఈ మాత్ర, నా చేతికి సరిపోయిన మోతాదే ఆ రెండో భాగానికి ఎక్కువైపోయింది. పైగా ప్రమిపెక్సోల్ ఎక్కువగా అంటుకునే డీ3 గ్రాహకాలు, అంటే కణాల మీద డోపమిన్‌ని అందుకునే ఒక రకం కొక్కేలు, ఆ భాగంలోనే దట్టంగా ఉంటాయట.

ఓటమి ఎందుకు తగల్లేదో కూడా అప్పుడే అర్థమైంది. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, పండ్లరసం వస్తుందని సంకేతం కనపడగానే డోపమిన్ కణాలు చురుగ్గా స్పందించేవి. రావాల్సిన రసం రాకపోతే ఒక్క క్షణం చప్పబడిపోయేవి. "ఇది మళ్లీ చెయ్యకు" అని మెదడుకు నేర్పేది ఆ చప్పబడటమే అంటారు. నా మాత్ర మాత్రం గెలిచినా ఓడినా గ్రాహకాలను తడుతూనే ఉండేది. డోపమిన్ మందుల మీద ఉన్న పార్కిన్సన్స్ రోగులు లాభం నుంచి బాగా నేర్చుకుంటారు, నష్టం నుంచి తక్కువగా నేర్చుకుంటారు అని 2004లోనే ఒక పరిశోధన చూపించింది.

నాలాంటివాళ్లు తక్కువేం కాదు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలిస్తే, ప్రమిపెక్సోల్ లాంటి మందులు వాడేవారిలో సుమారు 17 శాతం మందికి జూదమో, కొనుగోళ్ల పిచ్చో, తిండో, లైంగిక కోరికో అదుపు తప్పింది. వాడనివారిలో అది 7 శాతం. ఈ అంకె విన్నాక ఆరు నెలల్లో మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

మందు వెంటనే ఆపొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పినా, దాని మీద కోపంతో రెండు రోజులు మానేశాను. చెమటలు, గుండెదడ, చచ్చిపోతానేమోనన్న భయం. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. తర్వాత కొన్ని వారాల్లో ప్రమిపెక్సోల్ తగ్గించుకుంటూ వచ్చి, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా అనే మందు పెంచారు. మూడో వారం నుంచి ఆ తహతహ పలచబడింది. ఒక రాత్రి నిద్రలేచి, ఫోన్ గుర్తురాకుండా మంచినీళ్లు తాగి పడుకున్నాను. ఆ సంగతి తెల్లారాక గాని తట్టలేదు.

మందు పోయినా నేర్చుకున్నది పూర్తిగా పోలేదు. రాత్రి రెండు గంటలు, చేతిలో ఫోన్ బరువు, ఇవి చాలు మళ్లీ లాగడానికి. అందుకే సైకాలజిస్ట్ దగ్గర కొన్ని నెలలు సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మాటల చికిత్స, చేశాను. "ఒక్క ముక్కలో పోయింది" అన్న మాట నాచేత కాగితం మీద రాయించి, అది గెలుపా ఓటమా అని అడిగారు. స్లాట్ మెషీన్ ఆటలో త్రుటిలో తప్పిన గెలుపుకి మెదడు దాదాపు గెలుపుకి స్పందించినట్టే స్పందిస్తుందని ఆవిడే చెప్పారు. 2013 దాకా అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో జూదం జబ్బు దొంగబుద్ధి, నిప్పుపెట్టే బుద్ధి లాంటి వాటి పక్కన ఉండేదట. ఆ ఏడాది నుంచి మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చారు. నాకు అదే సబబనిపిస్తుంది.

"మందువల్లే కదమ్మా, నీ తప్పేముంది" అంటుంది మా అమ్మాయి. తహతహ మందుదే. నెలల తరబడి వాళ్లకి చెప్పిన అబద్ధాలు కూడా మందు ఖాతాలోనే వేయాలా? నాకు ఇంకా తేలలేదు. వేయకూడదనే అనిపిస్తుంది.

కాళ్లు లాగే జబ్బుకి, అంటే రెస్ట్‌లెస్ లెగ్స్‌కి కూడా ప్రమిపెక్సోల్, రోపినిరోల్ ఇస్తారు. మానసిక వైద్యంలో వాడే అరిపిప్రజోల్ గురించి 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి హెచ్చరికే చేసింది. మీ ఇంట్లో ఎవరైనా ఇవి వాడుతుంటే, ఆ ప్రశ్న రోగినొక్కరినే కాదు, ఇంట్లోవాళ్లనీ అడగమని మీ డాక్టరుకి చెప్పండి. అడక్కపోతే మీరే అడగండి.

ఇప్పుడు నా చెయ్యి మునుపటికన్నా కాస్త ఎక్కువ వణుకుతుంది. పై గుండీ మా ఆయన పెడతారు. అప్పులో ఇంకా 4 వాయిదాలు ఉన్నాయి. బ్యాంకు కార్డు, పాస్‌వర్డులు ఆయన దగ్గరే ఉన్నాయి. పోయిన నెల, "తీసుకుంటావా?" అని అడిగారు. ఇంకొన్నాళ్లు ఉంచమన్నాను.