టాపన్ జీ మీద పదకొండేళ్లు

2008 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీ ప్రాజెక్టులో కన్సల్టెన్సీ తరఫున చేరాను. ఆఫీసు చుట్టుపక్కల అద్దెలు నా జీతానికి అందేవి కావు కనుక, నదికి అవతల రాక్‌లాండ్ కౌంటీలోని నాన్యుయెట్‌లో ఒక సింగిల్ బెడ్రూం అపార్ట్‌మెంటు తీసుకున్నాను. ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం పాతిక మైళ్లు కూడా ఉండదు. కాని ఆ దారిలో హడ్సన్ నది ఉంది, దాని మీద మూడు మైళ్ల పొడవున టాపన్ జీ వంతెన ఉంది. తర్వాతి పదకొండేళ్లు నా ఉద్యోగం ఎంత ఆఫీసులో గడిచిందో, దాదాపు అంతా ఆ వంతెన మీద కూడా గడిచిందని చెప్పాలి.

మొదటి ఆదివారం రాజమండ్రికి ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, నాన్న అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని ఖానాలు?" అని. ఖానా అంటే రెండు స్తంభాల మధ్య భాగం. ఆయన రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. స్పానరు, సుత్తి భుజాన వేసుకుని తన బీటు పొడవునా పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలను కొట్టి బిగించడం ఆయన పని. అందులో గోదావరి మీది హేవలాక్ బ్రిడ్జి ఉండేది. 1897లో మొదలుపెట్టి 1900లో రైలు నడిపిన ఆ బ్రిడ్జికి 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయేదాకా, ఏ ఖానాలో ఏ గడ్డరు ఎలా మోగుతుందో నాన్నకు కంఠతా వచ్చు. టాపన్ జీకి ఎన్ని ఖానాలో నాకు తెలియదని చెప్పేసరికి, ఇంజనీరింగు చదివి రోజూ ఒక బ్రిడ్జి దాటుతూ ఆ మాత్రం చూడవా అన్నట్టు కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం వల్లనే నేను వంతెన పడమటి కొసనున్న నయాక్ ఊరి లైబ్రరీకి వెళ్లి ఈ వంతెన కథ చదవడం మొదలుపెట్టాను.

చదివినకొద్దీ నాకు ఎదురైన మొదటి వింత, వంతెన ఉన్న చోటు. వంతెన కట్టేవాడు ఎక్కడైనా నది సన్నబడిన చోటు వెతుక్కుంటాడు. హడ్సన్ ఇక్కడ దాదాపు సముద్రంలా విప్పారి ఉంటుంది. పేరులోని 'టాపన్' ఇక్కడి మూలవాసుల తెగ పేరు, 'జీ' అంటే డచ్చి భాషలో సముద్రం. కొద్ది మైళ్లు దక్షిణానికి పోతే నది మైలు వెడల్పుకు తగ్గుతుంది. అయినా ఇక్కడే కట్టడానికి కారణం నదిలో లేదు, కాగితంలో ఉంది. న్యూయార్క్, న్యూజెర్సీల రేవులూ వంతెనలూ చూసుకోవడానికి 1921లో ఏర్పడిన పోర్ట్ అథారిటీ అధికారం స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చుట్టూ సుమారు 25 మైళ్ల వరకు ఉండేది. ఆ పరిధిలో వంతెన కడితే టోలు ఆదాయం వాళ్లకు పోతుంది. అప్పటి గవర్నరు టామస్ డ్యూయీకి ఆ డబ్బు కొత్తగా వేస్తున్న న్యూయార్క్ త్రూవే రహదారికి కావాలి. అందుకని గీత దాటీ దాటగానే, నది అంత వెడల్పున్న చోట వంతెన పడింది. ఈ సంగతి చెబితే నాన్న నవ్వి, "అంటే టోలు కోసం నదిని వెడల్పు చేసుకున్నారన్న మాట" అన్నారు.

ఆ నిర్ణయం ఖరీదు ఇంజనీర్ల నెత్తిన పడింది. నది అడుగున ఉన్నదంతా మెత్తటి బురద, రాయి తగలాలంటే చాలా చోట్ల వందల అడుగులు దిగాలి. 1952లో పని మొదలైనప్పుడు కొరియా యుద్ధం నడుస్తోంది, ఉక్కు దొరకడం కష్టం. పడమటి వైపు లోతు తక్కువగా ఉన్న భాగాన్ని కొయ్య పైల్స్ మీద, అంటే బురదలోకి దిగ్గొట్టిన దుంగల మీద, తక్కువ ఎత్తులో కట్టుకొచ్చారు. ఓడలు పోయే మధ్యభాగానికి, 1,212 అడుగుల పెద్ద ఖానాకు, అలా కుదరదు. అక్కడ ఎమిల్ ప్రేగర్ అనే ఇంజనీరు వేరే ఎత్తు వేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరాన కృత్రిమ రేవుల కోసం కాంక్రీటు పెట్టెలను తేల్చుకుపోయిన పనిలో ఆయనకు భాగం ఉంది. ఆ అనుభవంతో ఇక్కడా ఎగువన బోలు కాంక్రీటు పెట్టెలు పోసి, నీళ్ల మీద తేలుస్తూ తీసుకొచ్చి, నిలపాల్సిన చోట ముంచారు. పెట్టెల్లోంచి నీళ్లు తోడేసి బోలుగా ఉంచారు కనుక, నీరు వాటిని ఎప్పుడూ పైకి నెడుతూనే ఉంటుంది. ఇలాంటి పెట్టెలు ఎనిమిది. పెద్ద ఖానాల సొంత బరువులో సుమారు 70 శాతం ఈ తేలుడు మీదే ఆనింది, మిగతాది రాతిదాకా దింపిన ఉక్కు పైల్స్ మోశాయి.

ఇది నాన్నకు ఒక పట్టాన మింగుడు పడలేదు. గోదావరి వాళ్లకు తెలిసిన పునాది బావి. ఒడ్డు మీదో ఇసుక దిబ్బ మీదో గుండ్రంగా గోడ కట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతే గోడ తన బరువుకు తానే దిగుతుంది, పైన మళ్లీ కడతారు, మళ్లీ దిగుతుంది. మునగడమే దాని బలం. తేలేదాని మీద బ్రిడ్జి ఎలా నిలుస్తుందని ఆయన వాదన. చివరికి ఒక ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ చేత బకెట్టు నిండా నీళ్లు, ఒక వెడల్పాటి స్టీలు గిన్నె తెప్పించాను. గిన్నెను నీళ్లలో ఉంచి, అందులో ఒక్కొక్క పిడికెడు బియ్యం పోయమన్నాను. గిన్నె కొంచెం కొంచెం దిగుతూ, అంచు మునగకుండా నిలిచింది. నాన్న గిన్నె అడుగున వేలు పెట్టి, బరువు తన వేలికి ఎంత తెలుస్తోందో చూసుకున్నారు. "వేలికేమీ తగలడం లేదే" అన్నారు. ఆ తర్వాత ఈ విషయంలో వాదించలేదు, కాని గిన్నెకు చిల్లి పడితేనో అని మాత్రం అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

1955 డిసెంబరులో ప్రారంభమైన ఆ వంతెనకు 8 కోట్ల 10 లక్షల డాలర్లు అయ్యాయి. నేను వెళ్లేనాటికి దాని మీద రోజుకు లక్షా 38 వేల వాహనాలు పోతున్నాయి. దాని అసలు లోపం అంచుల్లో ఉంది. ఏడు లేన్లు, పక్కన బండి ఆపుకోవడానికి షోల్డరు లేదు. ఒక్క కారు టైరు పగిలితే ఆ లేను మూసుకుపోయేది, ఒక్క లేను పోతే నయాక్ దాకా బండ్లు నిలిచిపోయేవి. పొద్దున ఒక వైపు నాలుగు లేన్లు, సాయంత్రం రెండో వైపు నాలుగు ఉండేలా మధ్య కాంక్రీటు గోడను ఒక యంత్రం దిమ్మ దిమ్మగా ఎత్తి పక్క లేన్లోకి జరుపుకుంటూ వెళ్లేది. అందరూ దాన్ని జిప్పరు అనేవారు. నాకు ఆ వంతెన మీద నచ్చిన ఒకే ఒక్క వస్తువు అదే.

నచ్చనిది టైమ్‌షీటు. కన్సల్టెన్సీ వాళ్లకు జీతం గంటల లెక్క. వంతెన మీద యాభై నిమిషాలు ఇరుక్కుంటే ఆ యాభై నిమిషాలు పోయినట్టే. పర్మనెంటు ఉద్యోగులు "బ్రిడ్జి" అని ఒక్క మాట అని నవ్వుకుంటూ లోపలికి వచ్చేవారు. అదే మాట నేను అంటే మేనేజరు గడియారం వైపు చూసేవాడు. మొదటి చలికాలంలో మంచు వల్ల మూడు రోజులు ఆలస్యమైతే, ఆ వారం గంటల్లో కోత పడింది. నది అవతల ఇల్లు తీసుకోవడం నీ ఇష్టం కదా అన్నారు. వీసా వాళ్ల చేతిలో ఉన్నవాడు దానికి జవాబు చెప్పడు. మరుసటి వారం నుంచి ఐదున్నరకే బయలుదేరి, తూర్పు ఒడ్డున టారీటౌన్ వైపు టోల్‌గేటు దాటి, ఆఫీసు పార్కింగులో గంటసేపు కార్లో కూర్చునేవాణ్ణి. టోలు పొద్దున పోయేటప్పుడే కట్టాలి, సాయంత్రం వచ్చేటప్పుడు లేదు. పనికి పోవడానికి డబ్బు తీసుకుని ఇంటికి రావడానికి వదిలేసే ఈ పద్ధతి నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

కొత్త వంతెన కావాలన్న మాట నేను రాకముందే ఉంది. 2007 ఆగస్టులో మినియాపొలిస్‌లో మిసిసిపీ మీది వంతెన కూలి 13 మంది పోయాక ఆ మాటకు భయం కూడా తోడైంది. మా ఆఫీసులో ఒకావిడ కారు అద్దం పగలగొట్టుకోవడానికి డాష్‌బోర్డులో చిన్న సుత్తి పెట్టుకునేది. అయినా చర్చలు, పర్యావరణ నివేదికలు సాగుతూనే ఉండేవి. ఆ ఫైలు, నా గ్రీన్‌కార్డు ఫైలు, రెండూ కదలని ఏళ్లవి. 2011లో కేంద్ర ప్రభుత్వం దాన్ని త్వరగా తేల్చవలసిన పనుల జాబితాలో చేర్చింది, 2013లో నదిలో పని మొదలైంది. నా ఫైలు గురించి అలాంటి కబురేదీ రాలేదు.

ఆ తర్వాతి ఐదేళ్లు నా ప్రయాణం ఎంత నెమ్మదిగా సాగితే అంత బాగా చూడగలిగాను. శాన్ ఫ్రాన్సిస్కోలో బే బ్రిడ్జికి పనిచేసిన, నీళ్ల మీద తేలే ఒక మహా క్రేను పనామా కాలువ మీదుగా ఇక్కడికి వచ్చింది. దాని చేయి 328 అడుగులు. పక్కన 'ఐ లిఫ్ట్ ఎన్‌వై' అని పెద్ద అక్షరాలు రాయించారు. మునుపు వంతెన కొయ్య పైల్స్ మీద నిలిచిన నదిలో ఈసారి వెయ్యికి పైగా ఉక్కు గొట్టాలను దిగ్గొట్టారు. ఆ దెబ్బల మోత స్టర్జన్ చేపలను చంపకుండా, ఒక్కో గొట్టం చుట్టూ గాలి బుడగల తెర లేపేవారు. నీళ్లు అక్కడ మాత్రం పొంగు వచ్చిన ఎసరులా తెల్లగా మరుగుతుండేవి. నది అడుగున చేపకోసం ఇంత ఏర్పాటు చేస్తారా అని మొదట నాకు నవ్వు వచ్చింది, తర్వాత సిగ్గు వేసింది.

2016 జూలై 19 మధ్యాహ్నం, కొత్త వంతెన పనిలో ఉన్న ఒక క్రేను చేయి విరిగి పాత వంతెన మీద అడ్డంగా పడింది. రద్దీ సమయం కాదు కనుక ప్రాణాలు పోలేదు. ఆ సాయంత్రం నేను ఉత్తరాన ఉన్న బేర్ మౌంటెన్ వంతెన వైపు మళ్లి, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. మరునాడు మేనేజరు మొట్టమొదటిసారి నన్ను క్షేమంగా చేరావా అని అడిగాడు. అందరూ టీవీలో చూశారు మరి.

కొత్తది ఒకటి కాదు, పక్కపక్కనే రెండు వంతెనలు. 419 అడుగుల ఎత్తున్న ఎనిమిది స్తంభాలు బయటికి కొంచెం వాలి నిలబడి, 192 తీగలతో మధ్యభాగాన్ని పట్టుకుని ఉంటాయి. మొదటిది 2017 ఆగస్టులో తెరిచారు. రెండోది 2018 సెప్టెంబరులో తెరవబోయే రోజున, పక్కనే విప్పుతున్న పాత వంతెనలోంచి ఏదో పెద్ద చప్పుడు వచ్చిందని కొద్ది రోజులు ఆపారు. ముసలివాళ్లకు పోయేముందు ఇలాంటివి తెలుస్తాయని అమ్మ అంది. 2019 జనవరిలో తూర్పువైపు మిగిలిన భాగాన్ని పేల్చి నదిలోకి పడవేశారు. పాత వంతెన కాంక్రీటు, ఉక్కు కొంత లాంగ్ ఐలాండ్ తీరాన చేపలకు దిబ్బలుగా సముద్రంలో దింపారు. మొత్తం ఖర్చు 398 కోట్ల డాలర్లు. కొత్తదానికి రాష్ట్ర మాజీ గవర్నరు మారియో కువోమో పేరు పెట్టారు కాని, నేనెరిగినవాళ్లంతా ఇప్పటికీ టాపన్ జీ అనే అంటారు. రాజమండ్రిలో బ్రిడ్జిలు మారినా పాత బ్రిడ్జి పాత బ్రిడ్జే అయినట్టు. ఆ ఏడాది వేసవిలో నా ప్రాజెక్టు ముగిసి, మరో ఉద్యోగం నదికి మా ఇంటివైపే దొరికింది. షోల్డర్లున్న విశాలమైన వంతెన మీద నేను హాయిగా ప్రయాణించింది ఏడాది కూడా లేదు.

2022 వేసవిలో నాన్న వచ్చారు. ఉత్తరపు వంతెనకు పక్కనే, మనుషులు నడవడానికీ సైకిళ్లకూ 3.6 మైళ్ల బాట 2020లో తెరిచారు. సౌత్ నయాక్ వైపు నుంచి ఎక్కాం. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆయన నడక ఇంకా పట్టాల మీద నడకే, స్లీపరుకు స్లీపరుకు మధ్య ఉండే ఎడం కొలత కాళ్లు మరిచిపోలేదు. ఒక లారీ పక్క నుంచి పోయినప్పుడు ఆగి, రెయిలింగు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. తర్వాత వేలి ఉంగరంతో దాని మీద రెండుసార్లు కొట్టి విన్నారు.

"రైలేదిరా?"

ఇప్పుడు లేదని, ఎప్పుడైనా వెయ్యాలంటే రెండు వంతెనల మధ్య చోటూ బలమూ ఉంచారని చెప్పాను.

"అది రానీ. ఇక్కడ కీమ్యాన్ ఎవరు?"

వంతెన లోపల వందలకొద్దీ సెన్సర్లు అమర్చారని, ఊగుడూ వేడీ బరువూ అవే కొలిచి చెబుతాయని వివరించాను. ఆయన మరో నాలుగడుగులు వేసి, "వాటికి సెలవైన రోజున ఎవరు డ్యూటీ?" అన్నారు. నేను నవ్వాను గాని ఆయన నవ్వలేదు.

నది చూడ్డానికి బాట బయటికి విప్పారిన చోట్లు ఆరు ఉన్నాయి. మొదటిదాని దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టాను. పోటు వచ్చే సమయం, నీళ్లు ఎదురు పారుతున్నాయి. సముద్రపు పోటు ఈ నదిలో ఎంతో దూరం ఎగువకు పోతుందని చెబితే నమ్మలేనట్టు చూశారు. మోకాళ్ల నొప్పి వల్ల ఇక వెనక్కి తిరగాలి. ఆయన మాత్రం లేచి రెయిలింగు మీదికి వంగి, మేము వచ్చిన వైపు స్తంభాలను ఒడ్డుదాకా వేలితో చూపిస్తూ పెదాలు కదుపుతున్నారు.

"ఇక్కడిదాకా ఆరు ఖానాలు. మిగతావి రేపు లెక్కపెడదాం" అన్నారు.