నాన్న వార్నిష్, నా కాయిల్

భీమవరం దగ్గర మాది మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరేటర్ మోటార్లు కాలిపోతే నాన్న దగ్గరికే వస్తాయి. కాయిల్ విషయంలో ఆయనకి పట్టింపులు రెండే: తీగ మీది ఇన్సులేషన్ పూత, అంటే ఎనామెల్, గీరుకోకూడదు, వార్నిష్ లోపలిదాకా దిగాలి.

ఎంటెక్ ప్రాజెక్టుకి నేను ఫ్యూజన్ రియాక్టర్ల (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీసేవి) అయస్కాంతపు కాయిల్ తీసుకున్నాను. 2021 సెప్టెంబరులో అమెరికాలో ఎంఐటీ, కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ కంపెనీ వాళ్ళు 267 కిలోమీటర్ల సూపర్‌కండక్టర్ టేపు (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు మోసేది) చుట్టి 20 టెస్లాల అయస్కాంత ఫీల్డు సాధించారు. ఫీల్డు రెట్టింపైతే అదే సైజు రియాక్టర్లో శక్తి దాదాపు 16 రెట్లవుతుంది, అందుకే అంత తాపత్రయం. నా దగ్గరున్నది ఎనిమిది మీటర్లు. వెడల్పు 4 మిల్లీమీటర్లు, మందం కాగితమంత.

షాపులోనే 30 చుట్లు చుట్టాం. టేపు బిగువు నాన్న బొటనవేలితోనే చూసుకున్నాడు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఇన్సులేషన్ పొర, చివర్లో వార్నిష్ బదులు ఎపాక్సీ జిగురు.

చల్లబరచడానికి లిక్విడ్ నైట్రోజన్ కావాలి. కంటైనర్ ఆటోలో పెట్టుకుని కాలేజీకి వెళ్తుంటే డ్రైవరు అడిగాడు: "ఎవరి గేదె ఎదకొచ్చిందండీ?" మా వైపు ఆ కంటైనర్ కనబడేది పశువుల ఆసుపత్రిలోనే మరి.

థర్మోకోల్ పెట్టెలో పోస్తే చుర్రుమని మరిగి, తెల్లటి పొగ బల్ల మీంచి కిందికి జారింది. విడి టేపు 100 ఆంపియర్లు మోసింది. కాయిల్లో 20 దగ్గరే వోల్టేజీ లేవడం మొదలైంది, అంటే సూపర్‌కండక్టర్ గుణం పోతోందన్నమాట. టెన్షన్‌తో వైర్లన్నీ మార్చి చూశాను, అదే వరస.

తప్పు ఎపాక్సీది. ఈ టేపు పొడవునా లాగితే స్టీలే. పొరల మధ్య మాత్రం ఆత్రేయపురం పూతరేకు. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఎపాక్సీ టేపుకంటే ఎక్కువ ముడుచుకుని, లోపల కరెంటు మోసే సిరామిక్ పొరని లేపేసింది. నాన్న పద్ధతే ఇక్కడా నడుస్తుందనుకోవడం నా తెలివి!

గైడ్‌ని బతిమాలి ఇంకో ఎనిమిది మీటర్లు తెచ్చుకున్నాను. ఈసారి జిగురూ లేదు, ఇన్సులేషనూ లేదు. ఎక్కడైనా ఒక చుట్టు వేడెక్కితే కరెంటు పక్క చుట్టులోకి తప్పుకుంటుంది, కాయిల్ కాలదు. కాకపోతే కరెంటు ఇచ్చాక ఫీల్డు కాస్త ఆలస్యంగా లేస్తుంది. 60 ఆంపియర్ల దగ్గర, ఫీల్డు కొలిచే హాల్ ప్రోబు 0.027 టెస్లా చూపించింది.

ఇంటికి తెచ్చి చూపిస్తే నాన్న గోటితో అంచు గీకాడు.

"ఎనామెల్ ఏదిరా?"

"లేదు నాన్నా, అలాగే ఉండాలి."

"షార్టయిన కాయిల్ పట్టుకొచ్చి అలాగే ఉండాలంటావేంట్రా," అని దాన్ని కాలిపోయిన మోటార్ల పక్కన పెట్టాడు.