జేబుల దొరికిన డొల్ల

పొద్దుగాల వాషింగ్ మెషీన్‌ల బట్టలేస్తూ అమ్మ కేకేసింది: "గిదేందిరా నీ ప్యాంటు జేబుల?" ఇత్తడి అడుగున్న ఎర్ర ప్లాస్టిక్ గొట్టం. 12 బోరు తుపాకీ తూటా పేలినంక మిగిలే ఖాళీ డొల్ల. మూతి పువ్వులెక్క విచ్చుకుంది, మందు వాసన ఇంకా పోలే.

మొన్న హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి మొదటిసారి క్లే షూటింగ్ చేసిన, అంటే గాల్లకు ఎగరేసిన పళ్లేలను తుపాకీతో కొట్టే ఆట. 110 మిల్లీమీటర్ల పళ్లెం గాల్లనే పొడైంది. (పేరుకే మట్టి, నిజానికి సున్నపురాయి పొడి, పిచ్.) ఆ సంబరంల వెనక ఎవరున్నరో చూడకుండ తుపాకీని నడుమకు వంచి తెరిచిన. లోపలుండే ఎజెక్టర్ అనే భాగం డొల్లను టక్కున వెనక్కి తన్నింది. పోయి పోయి ఓ పెద్దాయన కళ్లద్దాలకు తగిలింది! అద్దాలు లేకుంటే? తల్సుకుంటేనే గుండె జారుతది.

ఆయన తిట్టలే. "తెరిచేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టు బిడ్డా. చేతిల పడ్డది డబ్బల వెయ్" అన్నడు. వెచ్చగుంటది గానీ కాలదు. కింద పడ్డదాని కోసం వంగబోతే మళ్లీ ఆపిండు. పక్కోళ్లు గురి చూస్తుంటే కదలొద్దట. రౌండ్ అయిపోయి, తుపాకులన్నీ ఖాళీ చేసి తెరిచి పెట్టినంకనే ఏరుడు.

అన్నీ ఏరిన, ఈ ఒక్కటి గుర్తుకని దాచుకున్న. ఈసారి పోయినప్పుడు డబ్బల వేసి రావాలె. ఎయిర్‌పోర్ట్ స్కానర్ల పడితే ఖాళీదే సార్ అన్నా ఎవరింటరు?