మీ ఊరే కదా, అడిగి చెప్పు

2022లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చిన కొత్తలో ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా అన్నం తిన్నావా, చలి ఎలా ఉంది అనే అడిగేవాళ్ళు. తెనాలిలో ఉన్న మా అక్క కొడుకు ఒక్కడే వేరే ప్రశ్న వేసేవాడు. "మావయ్యా, సిల్క్‌సాంగ్ ఎప్పుడొస్తుంది?"

పేరు వినగానే ధర్మవరంలో ఎవరో కొత్తగా తెరిచిన పట్టుచీరల కొట్టేమో అనుకున్నాను. వీడియో గేమట. దాన్ని తయారుచేసే టీమ్ చెర్రీ అనే చిన్న కంపెనీ ఉండేది అడిలైడ్‌లోనేనట. "మీ ఊరే కదా, వెళ్ళి అడిగి చెప్పు" అంటాడు. వాడప్పుడు పదో తరగతి. వాడి లెక్కలో అడిలైడ్ కూడా తెనాలి లాంటిదే, సెంటర్లో నిలబడి ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు.

నేను పనిచేసేది ఊరికి ఉత్తరాన ఒక వేర్‌హౌస్‌లో, రాత్రి షిఫ్టు. హైదరాబాద్‌లో ఏడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవాణ్ణి ఇక్కడ అట్టపెట్టెలు ఎత్తుతున్నానని అక్కకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. చెవికి హెడ్‌సెట్ ఉంటుంది. అందులో ఒక ఆడగొంతు ఏ వరసకి వెళ్ళాలో, ఎన్ని పెట్టెలు తియ్యాలో చెబుతుంది. అక్కడ అంటించి ఉన్న అంకెలు నేను పైకి చదివితేనే తర్వాతి మాట. చేరిన మొదటిరోజు నా గొంతు దానికి అలవాటు కావడానికి అంకెలు చదివిందే చదివాను. నా 'త్రీ' దానికి ఎంతకీ ఎక్కలేదు. ఎంతసేపట్లో ఎన్ని పెట్టెలు తీశానో శాతాల్లో లెక్క ఉంటుంది. బాత్రూమ్‌కి వెళ్ళి రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా ఆ శాతం తగ్గుతుంది.

నా పక్క వరసలో పనిచేసే ఇక్కడి కుర్రాడు కూడా ఈ గేమ్ పిచ్చోడే. అసలు కథ వాడి దగ్గరే తెలిసింది. 2014లో జనం దగ్గర సుమారు 57 వేల ఆస్ట్రేలియా డాలర్ల చందా పోగుచేసి హాలో నైట్ అని మొదటి గేమ్ తీశారు. అది 2017లో వచ్చింది. అందులో హార్నెట్ అని ఒక పాత్ర ఉంది. హార్నెట్ అంటే కందిరీగ. ఆ గేమ్‌లో మనుషులుండరు, అందరూ పురుగులే. (పురుగునీ, ప్రోగ్రామ్‌లో తప్పునీ కూడా బగ్గే అంటారు. టెస్టింగ్ చేసినవాడికి బగ్గులే హీరోలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.) ఆ కందిరీగతో ఆడుకునేలా ఒక అదనపు భాగం ఇస్తామని చందా ఇచ్చినవాళ్ళకి మాటిచ్చారు. అది పెరిగి పెరిగి వేరే గేమే అయింది, అదే సిల్క్‌సాంగ్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు.

ఇక అక్కడి నుంచి అదిగో పులి అంటే ఇదిగో తోక. 2022 జూన్‌లో ఎక్స్‌బాక్స్ అనే గేమ్ మెషిన్ వాళ్ళ షోలో చూపించారు. ఆ షోలో చూపించినవన్నీ ఏడాదిలోపు వస్తాయన్నారు. 2023 మేలో, గేమ్ చాలా పెద్దదైంది, ఇంకా టైమ్ పడుతుందన్నారు. ఆ తర్వాత దాదాపు ఉలుకూ పలుకూ లేదు. ఏ పెద్ద గేమ్ షో జరిగినా అభిమానులు మళ్ళీ ఆశపడి వెర్రివాళ్ళమవుతున్నామని జోకర్ మేకప్ వేసుకున్న బొమ్మలు పెట్టుకుని కూర్చోవడం, అందులో పేరు రాకపోతే తమను తామే తిట్టుకోవడం. 2025 జనవరిలో తయారీదారుల్లో ఒకాయన తన ప్రొఫైల్‌లో కేకు ఫొటో పెడితే, ఆ కేకులోంచి కూడా విడుదల తేదీ తవ్వి తీశారు. ఏ ఆడియో ఫంక్షన్‌లోనైనా లేచి "అప్‌డేట్, అప్‌డేట్" అని అరిచే మన హీరోల అభిమానులు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

మా మేనల్లుడికి మాత్రం నవ్వు రాలేదు. "ఇంటర్ అయిపోయింది మావయ్యా, వీళ్ళకి సిగ్గు లేదా?" అన్నాడు. నేను వాళ్ళని వెనకేసుకొచ్చాను. హైదరాబాద్‌లో నేను చూసిన ప్రతి రిలీజ్‌కీ ముందు తేదీ పెట్టి తర్వాత పని చూసేవాళ్ళు. సగం ఉడికినది బయటికి పంపి, తిట్లు తినడానికి మళ్ళీ మమ్మల్నే కూర్చోబెట్టేవాళ్ళు. ఇక్కడేమో నా బాత్రూమ్ నిమిషాలకే లెక్క ఉంది. ఇదే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు మనుషులు, మొదటి గేమ్ డబ్బులతో, పైన అడిగేవాడు లేకుండా, బాగా వచ్చేదాకా చేసుకుంటున్నారంటే నాకు కోపం రాలేదు. కుళ్ళు పుట్టింది.

వాళ్ళు మాట్లాడకుండా ఉండటం మాత్రం నాకూ నచ్చలేదు. 491 వీసా అంటే రీజనల్ ప్రాంతాల్లో, అంటే మరీ పెద్ద నగరాలు కానిచోట, ఉండాలని ఇచ్చేది. దాని మీద మేమంతా ఈ ఊరు వచ్చిందే, అడిలైడ్ మొత్తాన్ని రీజనల్ కింద లెక్కేస్తారని. మూడేళ్ళుండి పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, పెట్టుకున్నాను. పొద్దున షిఫ్టు నుంచి రాగానే ఫోన్లో చూస్తాను, 'రిసీవ్డ్' అనే ఉంటుంది. ఇంకో ఆరు నెలలు పడుతుందని ఎవరైనా చెబితే హాయిగా పడుకుంటాను.

2025 ఆగస్టులో చెప్పాపెట్టకుండా తేదీ వచ్చింది. సెప్టెంబర్ 4, రెండు వారాలే గడువు. విడుదల వేళ మాకు రాత్రి పదకొండున్నర, తెనాలిలో ఏడు. కాదు, ఏడున్నర. ఈ లెక్క నాకెప్పుడూ తప్పుతుంది. బ్రేక్‌లో ఆ కుర్రాడు టీ మెషిన్ పక్కన నిలబడి ఫోన్లో అదే బటన్ నొక్కుతున్నాడు. కొనేవాళ్ళ తాకిడికి స్టీమ్‌తో సహా గేములమ్మే ఆన్‌లైన్ షాపులు మొరాయించాయి. ధర చూస్తే 20 అమెరికా డాలర్లే, డబ్బు తీసుకునే దారే లేదు. మా వాడి ఫోన్ వచ్చింది. ఇప్పుడు బీటెక్ రెండో ఏడు, హాస్టల్లో ఉన్నాడు. "మావయ్యా, పేజీ తెరుచుకోవట్లేదు, మీ ఊళ్ళో తెరుచుకుందా?"

"ఇక్కడా అంతేరా" అన్నాను. వెనక ఫోర్క్‌లిఫ్ట్ హారన్ మోగింది. అదేం చప్పుడని వాడు అడగలేదు. బ్రేక్ అయిపోయింది, హెడ్‌సెట్ పెట్టుకున్నాను.

మూడోరోజు మళ్ళీ ఫోన్. "ఇంత కష్టంగా ఎవడు చెయ్యమన్నాడు మావయ్యా? ఒక బాస్, అదే ఓడిస్తేగాని ముందుకెళ్ళనివ్వని పెద్ద శత్రువు, దగ్గర నలభైసార్లు చచ్చాను. మీ ఊరే కదా, కాస్త తేలిక చెయ్యమని చెప్పు." చెబుతాలే అన్నాను. కొద్దిరోజులకే గేమ్‌లో సవరణలు చేసే మొదటి ప్యాచ్ వచ్చింది. మొదట్లో వచ్చే ఒకరిద్దరు బాసుల్ని నిజంగానే కొంచెం తేలిక చేశారు.

"చెప్పావా మావయ్యా?"

చెప్పానన్నాను.